దీవి బోర్డు మీద మూడో వాక్యం

మొన్న శనివారం మధ్యాహ్నం, అరిజోనాలో మా చాండ్లర్ ఎండకు జడిసి కిటికీ తెరలన్నీ దించుకుని నేనూ మావారూ చెరో కుర్చీలో జోగుతుండగా, సియాటిల్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా మనవరాలు ఫెర్రీ మీద నుంచి వీడియో కాల్ చేసింది. దాని వెనకాల ముదురు నీలం నీళ్ళూ, చెట్లతో నల్లగా కనిపించే దీవులూ, గాలికి మొహమంతా కప్పేస్తున్న దాని జుట్టూ చూడగానే నా నిద్రమత్తు వదిలిపోయింది. "అమ్మమ్మా, మీరు ఫస్ట్ ఉన్న ఐలాండ్‌కే వెళ్తున్నా! సో ప్రెటీ! ఇంత మంచి ప్లేస్ వదిలేసి డెజర్ట్‌కి ఎవరు వెళ్తారు? వై డిడ్ యూ గైస్ లీవ్?" అని గాలిని మించి అరిచింది.

మావారు కళ్ళు తెరవకుండానే, "చలికి తట్టుకోలేక వచ్చేశాం తల్లీ" అన్నారు. అది అబద్ధం. ఆ దీవి చలి అంటే ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. పోనీ నిజమేమిటో నేను చెబుదామంటే నాకూ తెలియదు. మేమక్కడి నుంచి ఎందుకు వచ్చేయాల్సి వచ్చిందో ఇన్నేళ్ళుగా నేను అనుమానించడమే తప్ప తేల్చుకున్నది లేదు.

నా ఈడువారికి ఆ రోజులు విప్పి చెప్పనక్కర్లేదు. డెబ్బైల్లో మన డాక్టర్లను ఈ దేశం రమ్మని పిలిచింది కానీ ఎక్కడికి రమ్మందో వచ్చాక గాని తెలిసేది కాదు. ఇక్కడి డాక్టర్లు వెళ్ళడానికి ఇష్టపడని బొగ్గు గనుల ఊళ్ళూ, మంచు మైదానాలూ, ఇదిగో ఇలాంటి దీవులూ మనవాళ్ళ వంతుకు వచ్చేవి. మావారు న్యూజెర్సీలో రెసిడెన్సీ ముగించగానే, దేశానికి ఆ చివర, వాషింగ్టన్ రాష్ట్రం వాయవ్య మూలన, కెనడా నీళ్ళకు ఆనుకుని ఉన్న సాన్ వాన్ దీవుల్లో ఒక చిన్న క్లినిక్‌లో ఉద్యోగం దొరికింది. పిస్కాటవేలో ఉన్న మా న్యూజెర్సీ స్నేహితులు అక్కడ కందిపప్పు దొరుకుతుందా అని అడిగారు గాని, ఆ ఉద్యోగం ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు. ఇచ్చింది ఆ దీవివాళ్ళే ఏర్పాటు చేసుకున్న ఒక కమిటీ. ఏ ఏటికాయేడు కాంట్రాక్ట్ రాసేవారు, మా గ్రీన్ కార్డ్ కాగితాలు కూడా ఆ క్లినిక్ పేరు మీదే నడుస్తుండేవి. అంటే ఆ కమిటీకి మేం నచ్చినన్నాళ్ళే మాకు అమెరికా, నచ్చని మర్నాడు సామాను సర్దుకోవడమే.

నేనేమో వాల్తేరులో హిస్టరీ ఎం.ఏ. చదివి వచ్చినదాన్ని. ఆ మాట వినగానే మన డాక్టర్ల భార్యలు కూడా పాపం అన్నట్టు చూసేవారు. పైగా మాది బందరు. డచ్చివాళ్ళ సమాధుల పక్కనుంచి బడికి నడిచిన పిల్లను. ఉప్పుకీ బట్టలకీ వచ్చామన్నవాళ్ళు, ఎక్కడో ఉన్న పాదుషా రాసిచ్చిన ఒక కాగితం చూపించి సముద్రతీరం మొత్తం తమదనుకున్న సంగతి చదువుకోక ముందే విన్నదాన్ని. మా నాన్నగారు ప్లీడరు గుమాస్తా. ఏ కాగితమైనా సంతకానికి ముందు వెనక్కి తిప్పి చూడడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు, ఈ పిల్ల కాఫీ ఇచ్చినా ఎందుకిచ్చారా అని ఆలోచిస్తుందని నవ్వేవారు. ఆ మాట నిజమే. అనుమానించడం నాకు ఊపిరి తీసుకున్నంత సులువు.

అలాంటిదాన్ని తీసుకెళ్ళి ఆ దీవిలో పెట్టడం దేవుడి చిలిపితనమే అనుకుంటాను. ఎందుకంటే ఆ దీవి చరిత్ర మొత్తం అనుమానమే. పద్ధెనిమిది వందల నలభై ఆరులో ఇంగ్లండూ అమెరికా ఒక ఒడంబడిక రాసుకున్నాయి. వాంకూవర్ దీవినీ ప్రధాన భూభాగాన్నీ వేరు చేసే జలమార్గం నడుమగా సరిహద్దు పోతుందన్నారు. చూడ్డానికి ముచ్చటైన వాక్యం. తీరా చూస్తే అక్కడ జలమార్గాలు రెండున్నాయి, దీవులకు ఈ పక్కన ఒకటి, ఆ పక్కన ఒకటి. ఏ మార్గమో రాయలేదు. తెలియక రాయలేదని పుస్తకాల్లో ఉంది. నేను మాత్రం ఈ రోజుకీ నమ్మను. అన్ని సముద్రాలూ కొలిచి పటాలు గీసినవాళ్ళకు ఇంటి గుమ్మం ముందు రెండు దారులున్నాయని తెలియకపోవడమేమిటి? ముందు సంతకాలు కానిచ్చి, తర్వాత బలం ఉన్నవాడు లాక్కోవచ్చని రెండు పక్షాలూ లోపల లెక్కేసుకునే ఆ వాక్యాన్ని అలా వదిలేశాయని నా గట్టి నమ్మకం.

ఆ తర్వాత అక్కడ గొర్రెలు పెంచే బ్రిటిష్ కంపెనీవాళ్ళ పంది ఒకటి, కొత్తగా వచ్చి దిగిన ఒక అమెరికన్ బంగాళాదుంపల మడిలో పడి తింటుంటే అతను తుపాకీతో కాల్చేశాడు. ఆ పంది కోసం అటు యుద్ధనౌకలూ ఇటు సైన్యాలూ దిగాయి. అదృష్టవశాత్తూ ఎవరూ ఎవరినీ కాల్చలేదు గాని, దీవి దక్షిణపు కొసన అమెరికన్లు, ఉత్తరపు కొసన ఇంగ్లీషువాళ్ళు శిబిరాలు వేసుకుని పన్నెండేళ్ళు కూర్చున్నారు. వీళ్ళ పండగకు వాళ్ళూ, వాళ్ళ పండగకు వీళ్ళూ వెళ్ళి విందులు చేసుకుంటూనే రెండోవాడి మీద ఓ కన్నేసి ఉంచేవారు. చివరికి జర్మనీ చక్రవర్తిని తీర్పు చెప్పమన్నారు. ఆ నీళ్ళ మొహం ఎన్నడూ చూడని ఆ మహారాజు, ఎక్కడో రాజధానిలో కూర్చుని దీవులు అమెరికావని తేల్చాడు.

ఇదంతా అప్పటికే వందేళ్ళ కిందటి మాట కదా అనుకుంటారు మీరు. ఆ దీవిలో మాత్రం నిన్నటి సంగతే. మా క్లినిక్ కమిటీ చైర్మన్‌గారు అమెరికన్ శిబిరం రోజుల్లో వచ్చి స్థిరపడ్డవారి మునిమనవడు. పెద్ద పడవ నడిపి రిటైరైన మనిషి, ఎర్రటి మొహం, మెత్తటి మాట. మేముండే ఇల్లూ, క్లినిక్ నడిచే భవనమూ ఎవరివయ్యా అంటే కమిటీలోనే మెంబరైన ఒక పెద్దావిడవి. మేం ఇంట్లో ఆవిణ్ని ఓనరమ్మ అనేవాళ్ళం. ఆవిడ పూర్వీకుడు ఇంగ్లీషు శిబిరంలో సైనికుడట, శిబిరం ఎత్తేశాక వెళ్ళకుండా ఇక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయాడట. వీళ్ళిద్దరూ ఒకే చర్చికి వెళ్ళేవారు, ఒకే కొట్లో సరుకులు కొనేవారు, ఎదురైతే వాతావరణం గురించి మర్యాదగా మాట్లాడుకునేవారు, ఆ పక్కకు తిరగ్గానే రెండోవారి తాతముత్తాతలు దొంగలని నా చెవిలో ఊదేవారు.

డెబ్బై ఆరు వేసవిలో అమెరికా రెండు వందల ఏళ్ళ పండగ రానుంది, అప్పటికింకా వసంతం మొదలవుతోంది. చిన్నా పెద్దా ఊళ్ళన్నీ జెండాలు కట్టి, తమ చరిత్ర చెప్పే బోర్డులు పాతుకుంటున్నాయి. మా దీవిలో కూడా పడవల రేవు దగ్గర ఒక బోర్డు పెడదామన్నారు. ఆ బోర్డు మీద ఏం రాయాలన్న దగ్గర పెద్ద మనుషులిద్దరికీ చెడింది. తీర్పుతో అమెరికా హక్కు రుజువైందని రాయాలని చైర్మన్‌గారు, ఇంగ్లండ్ పెద్దమనసుతో వదులుకుందని రాయాలని ఓనరమ్మ. ఎవరూ తగ్గకపోయేసరికి ఎవరో అన్నారట, డాక్టరుగారి భార్య చరిత్ర చదువుకుంది, ఆమెకు మనలో ఎవరితోనూ చుట్టరికం లేదు, ఆమెను రాయమందామని. మావారిని అడిగారు. ఆయన మొహమాటం మీకు తెలియదు. కాలు తొక్కినవాళ్ళకు సారీ చెప్పే మనిషి. నన్ను ఒక్క మాటైనా అడగకుండా సరే అనేసి ఇంటికొచ్చి, "నీకు కాలక్షేపంగా ఉంటుంది కదా" అన్నారు.

ఆయన కాంట్రాక్ట్ మళ్ళీ రాయాల్సింది కూడా ఆ వేసవిలోనే. చైర్మన్‌కు కోపం వస్తే ఉద్యోగం పోతుంది, ఓనరమ్మకు కోపం వస్తే ఇల్లూ క్లినిక్కూ పోతాయి. తమతో చుట్టరికం లేనివాళ్ళని ఎంచుకున్నామంటున్నారు గాని, తమ ఇద్దరి చేతిలోనూ పిలక ఉన్నవాళ్ళని ఎంచుకున్నారేమోనని నాకు మొదటి రోజే తోచింది. మావారితో అంటే, "అన్నీ నీకు అలాగే కనిపిస్తాయి" అని పేపరు తిరగేశారు.

వారం తిరక్కుండా ఓనరమ్మ యాపిల్ పై పట్టుకొచ్చింది. ఆ మర్నాడో మూడో నాడో చైర్మన్‌గారు, భార్య చేసిందంటూ బ్లాక్‌బెర్రీ పై తెచ్చారు. రెండూ మంచి గాజు పళ్ళాల్లో వచ్చాయి. ఇక్కడే నేను పప్పులో కాలేశాను. ఎవరైనా గిన్నెలో ఏదైనా పెట్టి పంపితే ఆ గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం మన ఇళ్ళలో ఎక్కడైనా ఉందా చెప్పండి? ఇంట్లో ఏమీ లేకపోతే కనీసం గుప్పెడు పంచదారైనా పోసి ఇస్తాం. అందుకని ఓనరమ్మ పళ్ళెంలో పులిహోర పెట్టాను, సీసాలో దొరికే నిమ్మరసం పోసి, వేరుశనగ గుళ్ళు వేసి. చైర్మన్‌గారి పళ్ళెంలో అక్కడి గోధుమ నూకతో చేసిన రవ్వ లడ్లు పెట్టాను. మరి వాళ్ళకూ ఒక మర్యాద ఉంటుంది కదా, ఇంత పెట్టి పంపిన మనిషికి ఏమీ ఇవ్వకపోతే బాగుండదని మళ్ళీ ఏదో వండి తెచ్చారు. నేను మళ్ళీ నింపి పంపాను. వసంతకాలమంతా ఆ రెండు పళ్ళాలూ మా గుమ్మానికీ వాళ్ళ గుమ్మాలకూ తిరుగుతూనే ఉన్నాయి.

వాళ్ళు నన్ను మంచి చేసుకోవడానికి ఇవన్నీ తెస్తున్నారని నేను అనుమానిస్తున్నాను. అవతల ఊళ్ళోవాళ్ళు నా గురించి ఏమని చెవులు కొరుక్కుంటున్నారో నాకేం తెలుసు? చైర్మన్‌గారికి తీపి పంపి ఓనరమ్మకు కారం పంపిందంటే ఈవిడ అమెరికా పక్షమన్నమాట అన్నారట కొందరు. అంతకన్నా పెద్ద మాట ఇంకోటి పుట్టింది. మావారే ఒక సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండా కుర్చీలో కూర్చుని, నేలకేసి చూస్తూ చెప్పారు. "కాంట్రాక్ట్ మీద ఓటు వేసే ముందు డాక్టర్ వైఫ్ కమిటీ మెంబర్స్‌కి ఫుడ్ పంపిస్తోందని టాక్ వచ్చిందట. చైర్మన్ నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వాను."

నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. లంచం! మా అమ్మ నేర్పిన మర్యాద ఆ దీవిలో లంచమైంది. అలాగని ఆపేద్దామంటే, ఓనరమ్మ పళ్ళెం అప్పటికి మా ఇంట్లోనే ఉంది. ఖాళీగా పంపితే లంచం సంగతి నిజమే, పట్టుబడి మానేసిందనుకుంటారు. నింపి పంపితే ఇంకా సిగ్గులేదనుకుంటారు. రెండు రోజులు ఆ పళ్ళేన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. చివరికి రవ్వ లడ్లు పెట్టే పంపాను. చేయి ఖాళీ పళ్ళేన్ని పట్టుకుని గుమ్మం దాటనంది, నేనేం చేయను?

ఆ రోజుల్లోనే క్లినిక్‌కు ఒక ముసలావిడ వస్తుండేది. ఆ తీరపు మూలవాసుల మనిషి. అవతలి గట్టు నుంచి కొడుకు పడవలో కూర్చోబెట్టి తెచ్చేవాడు. అక్కడే దగ్గర్లో డాక్టర్లుండగా ఇంత దూరం ఎందుకొస్తారని అడిగితే, ఈ డాక్టరు నేను చెప్పేది పూర్తిగా వింటాడు అందిట. ఆ మాట మావారు ఇంట్లో చాలాసార్లు చెప్పుకుని మురిసేవారు. ఒకసారి ఆవిడ ఫెర్రీ షెడ్డులో కొడుకు పడవ కోసం కూర్చుని ఉంటే నేను ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్ళాను. బోర్డు సంగతి ఆవిడ కూడా విన్నది. అమెరికన్ శిబిరం కింద ఉన్న ఒడ్డు వైపు చేయి చూపించి, "మా నాయనమ్మవాళ్ళు అక్కడే రెండు పడవల మధ్య వల కట్టి సాల్మన్ పట్టేవారు. జెండాలు రెండొచ్చాయి. ఏ జెండావాడూ మమ్మల్ని ఏమీ అడగలేదు" అంది. కోపంగా కాదు, ఆ రోజు గాలి ఎటు వీస్తోందో చెప్పినట్టు చెప్పింది.

నేను ఇంటికొచ్చి గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాలన్నీ మళ్ళీ తిరగేశాను. ఇంగ్లండ్ మంత్రి ఏమన్నాడో ఉంది, అమెరికా దొర ఏమన్నాడో ఉంది, చక్రవర్తి కొలువులో పండితులు ఏమన్నారో ఉంది. పంది ఎవరిదో, దాని ఖరీదెంతో కూడా ఉంది. రెండు పడవల మధ్య వల కట్టినవాళ్ళు లేరు. బందరులో పుట్టిన నాకు ఆ ఖాళీ కొత్తది కాదు. మా తీరాన్ని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మార్చుకున్నప్పుడు కూడా వల వేసేవాణ్ని ఎవరు పిలిచారు గనక!

బోర్డుకు మూడు వాక్యాలు రాశాను. ఒడంబడికలో ఏ జలమార్గమో చెప్పకపోవడం వల్ల రెండు దేశాలూ ఈ దీవి తమదన్నాయని మొదటిది. పంది చావుతో యుద్ధం అంచుదాకా వెళ్ళి, పన్నెండేళ్ళు చెరో కొసనా ఉండి, చివరికి జర్మనీ చక్రవర్తి తీర్పును రెండు పక్షాలూ ఒప్పుకున్నాయని రెండోది. ఆ రెండు దేశాలూ రాకముందు నుంచీ ఈ నీళ్ళలో చేపలు పట్టుకుని బతికినవారిని, ఈ దీవి ఎవరిదని ఎవరూ అడగలేదని మూడోది.

జూన్‌లో ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగ్ పెట్టారు. కమిటీవాళ్ళూ, ఊళ్ళో ఖాళీగా ఉన్నవాళ్ళూ, ఒక మూల నేనూ మావారూ. నేను లేచి చదివాను. మొదటి వాక్యానికి ఇద్దరూ తలూపారు. రెండోదానికి ఓనరమ్మ పెదవి విరిచింది, చైర్మన్‌గారు గొంతు సవరించుకున్నారు గాని ఇద్దరూ ఊరుకున్నారు. మూడోది కూడా చదివి కూర్చున్నాను. చైర్మన్‌గారు చాలా మెత్తగా, చాలా బాగా రాశారు, కానీ ఆఖరి ముక్క ఈ కథకు సంబంధించింది కాదు కదా అన్నారు. ఓనరమ్మ వెంటనే, అవునవును, అది వేరే సంగతి, బోర్డు మీద చోటు కూడా చాలదు అంది. నేను ఆ దీవికి వచ్చాక వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడడం అదే మొదటిసారి. తాతల నాటి పగ ఆ ఒక్క వాక్యం దగ్గర అలా కరిగిపోయింది. వాళ్ళు కొట్లాడుకునేది దీవి ఎవరిదని కాదు, కొట్లాడుకునే హక్కు తమ ఇద్దరిదేనని అప్పుడర్థమైంది.

పక్కన కూర్చున్న మావారి కాంట్రాక్ట్ ఆ బల్ల మీదే ఎక్కడో ఉందని నాకు తెలుసు. అయినా నోటికి అదే వచ్చింది. "మూడూ ఉంచండి, లేకపోతే మూడూ తీసేయండి" అన్నాను. ఒక వారం ఆలోచించుకుందామని మీటింగ్ ముగించారు. మావారు చైర్మన్‌తో ఏదో మాట్లాడాలని వెనక ఉండిపోయారు, నేను ఒక్కదాన్నే ఇంటికి నడిచాను.

ఆ వారమంతా నేను ఆయన ఒక్క మాట అంటారేమోనని ఎదురుచూశాను. పోనిద్దూ, తీసేయకూడదూ అంటే చాలు, తీసేసేదాన్ని. నాకు మాత్రం భయం లేదా? అప్పటికి మా పెద్దమ్మాయి కడుపులో ఉంది. ఆయన ఆ సంగతే ఎత్తలేదు. రోజూ క్లినిక్ నుంచి వచ్చి, ఎవరికి దగ్గు తగ్గిందో, ఎవరి పిల్లాడు చెట్టు మీంచి పడ్డాడో చెప్పి పడుకునేవారు. ఆ మౌనానికి నేను ఒకటే అర్థం చెప్పుకున్నాను. నా మీద కోపంగా ఉన్నారు, మొహమాటంతో అనలేకపోతున్నారు అని. ఆ పంతానికి నేనూ నోరు మెదపలేదు.

వారం తర్వాత, నిధులు చాలవనీ, కాంట్రాక్ట్ కొనసాగించలేకపోతున్నందుకు విచారిస్తున్నామనీ కబురొచ్చింది. జులై నాలుగుకు రేవులో బోర్డు పెట్టారు, రెండు వాక్యాలతో. అవీ నావి కావు, ఎవరో కొత్తగా రాశారు. మేం ఆగస్టులో ఫెర్రీ ఎక్కాం. ఓనరమ్మ రేవుకొచ్చి నన్ను కౌగలించుకుని ఏడ్చింది. ఆ కన్నీళ్ళ వెనక ఏముందోనని అప్పుడు కూడా ఆలోచించాను. మావారు వెనక్కి తిరిగి దీవికేసి చూడలేదు. కడ్డీ పట్టుకుని ముందు నీళ్ళకేసే చూస్తూ నిలబడ్డారు. నావల్లనే కదా అనుకుని నేను దగ్గరికి వెళ్ళలేకపోయాను.

ఫీనిక్స్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆయనకు పని దొరికింది. గ్రీన్ కార్డ్ కాగితాలు మళ్ళీ మొదటికొచ్చాయి. ఆ ఆలస్యంలో మా తమ్ముడి పెళ్ళికి వెళ్ళలేకపోయాను, ఆ కడుపుమంట ఇప్పటికీ ఉంది. దీవిలో దారిన పోయే పిల్లలు కూడా డాక్టర్ డాక్టర్ అని చేతులూపేవారు, ఇక్కడ పాతికేళ్ళు పనిచేసినా గేటు దగ్గర మనిషి ఆయన కార్డు అడిగి చూసేవాడు. ఆయన ఎన్నడూ ఏమీ అనలేదు. నేను మాత్రం లోపల ఒక కోర్టు పెట్టుకుని విచారిస్తూనే ఉన్నాను. మూడో వాక్యం వల్ల పోయిందా? గాజు పళ్ళాల వల్ల పోయిందా? లేక మా రంగు చూసి ముందే నిర్ణయించుకుని సాకు కోసం చూశారా? ఏ రోజుకారోజు ఒక ముద్దాయి మారేవాడు. తీర్పు చెప్పే చక్రవర్తి మాత్రం ఎవరూ దొరకలేదు.

మనవరాలు ఆ శనివారం సాయంత్రమే మళ్ళీ ఫోన్ చేసింది. రేవులో ఇప్పుడు కొత్త బోర్డుందట. అన్నిటికన్నా పైన, చేపలు పట్టుకున్న ఆ మనుషుల పేరు వాళ్ళ భాషలోనే రాసి ఉందట, జెండాలూ పందీ ఆ కిందెక్కడో ఉన్నాయట. నేనుండబట్టలేక దానికి మూడో వాక్యం కథ చెప్పాను. "ఓ మై గాడ్ అమ్మమ్మా, దాని కోసం తాతయ్య జాబ్ పోయిందా?" అంది. పోయిందో లేదో నాకు తెలియదమ్మా, నా అనుమానం అంతే అన్నాను.

కుర్చీలో బత్తాయి వలుచుకుంటున్న మావారు తలెత్తకుండానే, "అనుమానమెందుకు, దాని కోసమే పోయింది" అన్నారు.

నేను ఆయనకేసి చూశాను. ఆయన తొన మీద పీచు తీసుకుంటూ, పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పారు. "మీటింగ్ రోజున చైర్మన్ రేవు దాకా వాక్ చేద్దాం రమ్మన్నాడు. ఆ ఒక్క సెంటెన్స్ డ్రాప్ చేయమని మీ వైఫ్‌కి చెప్పు, రేపే కాంట్రాక్ట్ సైన్ చేస్తాం అన్నాడు. నేను చెప్పనన్నాను. ఆ ముసలావిడ నా పేషెంట్, వాళ్ళని అడగలేదన్నది నిజం, నిజం రాసిన మనిషికి దాన్ని తీసేయమని నేనెలా చెప్తాను? అంతే."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్తే నువ్వు తీసేసేదానివి."

మనవరాలు అవతల "ఆవ్, సో స్వీట్!" అంది. నాకు ముందు కళ్ళ నీళ్ళు వచ్చాయి. మొహమాటానికి కాలు తొక్కినవాడికి సారీ చెప్పే మనిషి, తనెంతో ప్రేమించిన ఊరిని, తన మర్యాదను, మా అమెరికానంతా నా ఒక్క వాక్యానికి బదులుగా రేవులో వదిలేసి వచ్చాడు. ఫెర్రీ మీద వెనక్కి చూడకపోవడం కోపం కాదు, చూస్తే నా ముందు ఏడుపొస్తుందని. ఇన్నేళ్ళూ ఆ వీపుకేసి చూసి నేను కుమిలిపోయాను.

ఆ కన్నీళ్ళు తుడుచుకునే లోపలే కోపం కూడా వచ్చింది. దాచడమెందుకు, చాలా వచ్చింది. ఆయన చెప్పినట్టు నేను తీసేసేదాన్నే, అది నిజం. కానీ ఉంచాలో తీసేయాలో నాది కదా? నేను రాసిన వాక్యం గురించి ఇద్దరు మగవాళ్ళు రేవులో నిలబడి మాట్లాడుకుని తేల్చేసుకున్నారు. పదడుగులు నడిస్తే మా ఇల్లు. నన్ను ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు. ఆ మాటే అన్నాను ఆయనతో. ఆయన నోట్లో పెట్టుకోబోయిన బత్తాయి తొన కింద పెట్టి, "అవును, అడగలేదు" అన్నారు. అంతకు మించి సమర్థించుకోలేదు.

ఇప్పటి పిల్లలు ఇలా ఉండరు. మా మనవరాలూ దాని స్నేహితుడూ ఏ సినిమా చూడాలన్నా గంటసేపు చర్చించుకుంటారు. ఆఫీసులో మేనేజర్ ఏమన్నదీ ఇంటికొచ్చే లోపలే మెసేజిలో చెప్పేసుకుంటారు. ఒకరి కోసం ఇంకొకరు ఏదైనా వదులుకుంటే దాన్ని ముందుగానే బల్ల మీద పెట్టి ఇద్దరూ చూసుకుంటారు. అదే మంచిదని నాకు తెలుసు. నేనే దాన్ని అలా ఉండమని నేర్పించాను కూడా. మన కాలంలో మగవాళ్ళు ప్రేమను కడుపులో దాచుకునేవారు, మన భవిష్యత్తును కూడా దాంతో పాటే దాచేసేవారు. ఆ రెండింటినీ విడదీసి ఒకదానికి దండం పెట్టి, రెండోదాన్ని తిట్టాలంటే నాకు చేతకావడం లేదు. చైర్మన్‌గారూ ఓనరమ్మా ఎప్పుడో పోయారు, ఆ ముసలావిడ ఇంకా ముందే పోయి ఉంటుంది. ఇన్నేళ్ళు నేను అనుమానించనివాడు ఎవరైనా ఉంటే ఈయన ఒక్కరే. ఆ రాత్రి నుంచి ఈయన నిద్రపోతుంటే మొహంలోకి చూసి, ఇంకా ఏ ఏ రేవుల్లో నిలబడి నా తరఫున ఏమేం వదిలేసి వచ్చారో అనుకుంటున్నాను. అడిగితే చెబుతారనే నమ్మకం ఉంది. అడిగే ధైర్యమే ఇంకా కూడగట్టుకోలేదు.